చెప్పకపోతే ఏ విలువ? ఫంక్షన్లలో డిఫాల్ట్ పారామీటర్ల అసలు సంగతి

2025 సెప్టెంబర్ 22న దేశంలో జీఎస్టీ రేట్లు మారాయి. 12, 28 శాతం శ్లాబులు దాదాపు కనుమరుగై, ఎక్కువ వస్తువులు 5 లేదా 18 శాతం కిందికి చేరాయి. నెయ్యి, వెన్న, చీజ్ 12 శాతం నుంచి 5కి దిగాయి. ప్యాక్ చేసి లేబుల్ వేసిన పనీర్ మీద ఉన్న 5 శాతం పూర్తిగా పోయింది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఈ రేట్లన్నీ మార్చుకోవాల్సి వచ్చింది.

రేటు మార్చడమంటే ప్రోగ్రాంలో ఒక అంకె మార్చడమే కదా అనిపిస్తుంది. కానీ ఆ అంకె ఒక ఫంక్షన్‌లో (పేరు పెట్టి, కావాల్సినప్పుడల్లా పిలిచి వాడుకునే కోడ్ ముక్కలో) డిఫాల్ట్ విలువగా కూర్చుని ఉంటే, దాన్ని సరిగ్గానే మార్చినా బిల్లులో పాత రేటే పడే అవకాశం ఉంది. కొన్ని ప్రోగ్రామింగ్ భాషల్లో ఇలా జరుగుతుంది, కొన్నిట్లో జరగదు. ఒక భాషలో నేర్చుకున్న నియమం ఇంకో భాషలోకి వెళ్లగానే తలకిందులవుతుంది. పైకి ఇంత చిన్నగా కనబడే సదుపాయం ఇంతమందిని ఎందుకు తికమక పెడుతుందో అర్థం కావాలంటే కాస్త మొదటినుంచీ రావాలి.

పారామీటర్, ఆర్గ్యుమెంట్, డిఫాల్ట్: ముందు ఈ మూడు పేర్లు

ఫంక్షన్ రాసేటప్పుడు బ్రాకెట్లలో పెట్టే పేర్లు పారామీటర్లు. ఆ ఫంక్షన్‌ని పిలిచేటప్పుడు వాటి స్థానంలో మనం ఇచ్చే అసలు విలువలు ఆర్గ్యుమెంట్లు. పిలిచేవాళ్లు ఏదైనా ఆర్గ్యుమెంట్ ఇవ్వకపోతే దాని బదులు వాడుకోమని ఫంక్షన్ రాసినవాళ్లు ముందే పెట్టి ఉంచే విలువ డిఫాల్ట్. పైథాన్ తరహాలో రాస్తే ఇలా ఉంటుంది:

    డెఫ్ బిల్లు(ధర, పన్ను=5):
        రిటర్న్ ధర + ధర * పన్ను / 100

బిల్లు(600) అని పిలిస్తే పన్ను 5 అని తీసుకుని 630 ఇస్తుంది. బిల్లు(600, 18) అంటే మనం చెప్పిన 18 తీసుకుని 708 ఇస్తుంది. (పైథాన్ 3, జావాస్క్రిప్ట్ రెండూ తెలుగు అక్షరాలతో పెట్టిన పేర్లను ఒప్పుకుంటాయి. డెఫ్, రిటర్న్ లాంటి కీలక పదాలను మాత్రం ఆ భాష అడిగే లిపిలోనే రాయాలి.)

ఆర్గ్యుమెంట్లు వరస ప్రకారం జతపడతాయి కాబట్టి డిఫాల్ట్ ఉన్నవాటిని చివర్లో పెట్టడం ఆనవాయితీ. పైథాన్‌లో వరస తప్పితే ప్రోగ్రాం మొదలే కాదు. పీహెచ్‌పీ చాలాకాలం చూసీచూడనట్టు వదిలేసి, 8.0 నుంచి హెచ్చరించడం మొదలుపెట్టింది. పైథాన్, సి షార్ప్, కోట్లిన్, స్విఫ్ట్ లాంటి భాషల్లో పేరు చెప్పి విలువ ఇచ్చే వీలుంది. నాలుగు డిఫాల్టుల్లో మూడోదాన్ని మాత్రమే మార్చాలంటే దాని పేరు చెబితే చాలు. ఈ వీలు లేకపోతే బిల్లు(600, 5, ట్రూ, ఫాల్స్) లాంటి కాల్స్ తయారవుతాయి. ఆ ట్రూ దేనికో, ఫాల్స్ దేనికో ఫంక్షన్ తెరిచి చూస్తే తప్ప తెలియదు.

డిఫాల్టుల మీద ప్రోగ్రామర్లకు ఇంత ఇష్టం ఉండటానికి పెద్ద కారణం టైపింగ్ తగ్గడం కాదు. ఇప్పటికే వందల చోట్ల పిలుస్తున్న ఫంక్షన్‌కి కొత్త పని నేర్పాలనుకోండి. చివర తగ్గింపు=0 అని ఒక పారామీటర్ చేరిస్తే పాత కాల్స్ ఒక్కటి కూడా చెడవు, కొత్తగా కావాల్సినవాళ్లు మాత్రం తగ్గింపు చెప్పుకుంటారు. పాతవాళ్లను కదిలించకుండా లైబ్రరీని (వేరే ప్రోగ్రాములు వాడుకునే ఫంక్షన్ల సమూహాన్ని) పెంచుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు.

ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. ఆ డిఫాల్ట్ విలువను ఎప్పుడు లెక్కకడతారు, లెక్కకట్టాక ఎక్కడ ఉంచుతారు అని అడిగినప్పుడే చిక్కులు మొదలవుతాయి. 5 అనే అంకె దగ్గర ఈ ప్రశ్నలు అనవసరంగా కనిపిస్తాయి, ఎందుకంటే 5 ఎప్పుడు లెక్కకట్టినా 5 అవుతుంది. కానీ డిఫాల్ట్‌గా ఎప్పుడూ అంకెలే ఉండవు.

పైథాన్‌లో ఖాళీ సంచి ఎందుకు నిండిపోతుంది

ఇంటర్వ్యూల్లో తరచూ అడిగే ప్రశ్న ఇది:

    డెఫ్ చేర్చు(వస్తువు, సంచి=[]):
        సంచి.అపెండ్(వస్తువు)
        రిటర్న్ సంచి

సంచి ఇవ్వకపోతే ఖాళీ లిస్ట్ తీసుకుని అందులో వస్తువు వేసి ఇవ్వాలన్నది ఉద్దేశం. చేర్చు("పాలు") అంటే ["పాలు"] వస్తుంది. ఆ తర్వాత చేర్చు("పెరుగు") అంటే ["పెరుగు"] రావాలి కదా, ["పాలు", "పెరుగు"] వస్తుంది. మూడోసారి పిలిస్తే మూడు వస్తువులు ఉంటాయి.

పైథాన్‌లో డెఫ్ అనేది కూడా ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు అమలయ్యే ఒక వాక్యమే. ఆ వరస దగ్గరికి వచ్చినప్పుడు పైథాన్ ఒక ఫంక్షన్ వస్తువును తయారు చేస్తుంది. సరిగ్గా ఆ క్షణంలోనే సమానం గుర్తుకు కుడివైపు ఉన్నదాన్ని ఒక్కసారి లెక్కకట్టి, వచ్చిన విలువను ఆ ఫంక్షన్‌కే తగిలించి పెడుతుంది. అంటే మెమరీలో తయారయ్యే ఖాళీ లిస్ట్ ఒకటే. సంచి ఇవ్వని ప్రతి కాల్‌కీ అదే లిస్ట్ చేతికొస్తుంది. దాంట్లో పాలు వేస్తే, పాలు అక్కడే ఉండిపోతాయి. ఇది పైథాన్ దాచిపెట్టిన విషయమేమీ కాదు. ఫంక్షన్‌కి తగిలి ఉన్న డిఫాల్టుల జాబితాను ప్రింట్ చేసుకోవచ్చు. ప్రతి కాల్ తర్వాత ప్రింట్ చేసి చూస్తే లిస్ట్ పెరుగుతూ పోవడం కళ్లకు కనిపిస్తుంది. పాఠాల్లో ఎన్నిసార్లు చదివినా ఎక్కనిది ఆ ప్రింట్ ఒక్కసారి చూస్తే ఎక్కుతుంది.

తరగతి గదిలో ఇది సరదా చిక్కుప్రశ్న. రోజుల తరబడి ఆగకుండా నడిచే వెబ్ సర్వర్‌లో మాత్రం ఒకరి బుట్టలో వేసిన వస్తువులు వేరొకరి బుట్టలో కనబడే లోపం అవుతుంది.

ఈ పాఠాన్ని చాలాచోట్ల "మార్పుకు వీలున్న లిస్ట్, డిక్షనరీ లాంటివి డిఫాల్టుగా పెట్టకూడదు" అని ముగిస్తారు. నా ఉద్దేశంలో ఇది సగం పాఠమే. ఈ ఉదాహరణ చూడండి:

    డెఫ్ నమోదు(సందేశం, సమయం=ఇప్పుడు()):

ఇక్కడ సమయం మార్చడానికి వీలు లేని విలువ. దాన్ని ఎవరూ తడమడం లేదు. అయినా తప్పు జరుగుతుంది. సోమవారం పొద్దున సర్వర్ మొదలైనప్పుడు డెఫ్ వరస ఒక్కసారి నడిచి, అప్పటి సమయాన్ని పట్టుకుంటుంది. గురువారం సాయంత్రం వచ్చిన సందేశం పక్కన కూడా సోమవారం పొద్దున సమయమే పడుతుంది. కాబట్టి గుర్తు పెట్టుకోవాల్సిన అసలు విషయం లిస్టుల గురించి కాదు, డిఫాల్ట్ ఒక్కసారే, అదీ ఫంక్షన్ తయారయ్యేటప్పుడే లెక్క అవుతుందన్నది. లిస్ట్ గొడవ దానివల్ల పుట్టే ఫలితాల్లో ఒకటి.

పైథాన్ లోకంలో దీనికి స్థిరపడిన పరిష్కారం నన్ అనే 'ఏమీ లేదు' విలువను డిఫాల్టుగా పెట్టి, ఫంక్షన్ లోపల పరీక్షించడం:

    డెఫ్ చేర్చు(వస్తువు, సంచి=నన్):
        ఇఫ్ సంచి ఈజ్ నన్:
            సంచి = []

లోపలి వరస ప్రతి కాల్‌కీ నడుస్తుంది కాబట్టి ప్రతిసారీ కొత్త లిస్ట్ వస్తుంది. దీన్ని కుదించి సంచి = సంచి ఆర్ [] అని రాసేవాళ్లున్నారు. అందులో ఇంకో మెలిక ఉంది. పిలిచినవాళ్లు తమ సొంత ఖాళీ లిస్టునే ఇచ్చారనుకోండి. పైథాన్ దృష్టిలో ఖాళీ లిస్ట్ 'లేదు' కిందే లెక్క. అందుకని వాళ్ల లిస్ట్ పక్కకు పోయి కొత్తది వస్తుంది. వస్తువు కొత్తదాంట్లో పడుతుంది, వాళ్లిచ్చింది ఖాళీగానే మిగులుతుంది.

నన్ కూడా అన్నిచోట్లా సరిపోదు. ఇవ్వకపోవడం వేరు, నన్ అని చెప్పి ఇవ్వడం వేరు అయ్యే సందర్భాలున్నాయి. పైథాన్ డిక్షనరీలోని పాప్ పద్ధతే చూడండి. అడిగిన కీ లేనప్పుడు, రెండో ఆర్గ్యుమెంట్ ఇవ్వకపోతే తప్పు చూపించి ఆగిపోతుంది. రెండో ఆర్గ్యుమెంటుగా నన్ ఇస్తే మాత్రం మౌనంగా నన్ తిరిగిస్తుంది. ఇలాంటి తేడా మన ఫంక్షన్‌లోనూ కావాలంటే, ఇంకెవరి దగ్గరా ఉండని ఒక కొత్త వస్తువును తయారు చేసి దాన్నే 'ఏమీ ఇవ్వలేదు' అనే గుర్తుగా వాడుకుంటారు.

మరి పైథాన్ ఎందుకు ఇలా ఎంచుకుంది? సమర్థించేవాళ్ల వాదన కొట్టిపారేయదగ్గది కాదు. డెఫ్ ఒక వాక్యం, వాక్యం నడిచినప్పుడు అందులోని లెక్కలు జరుగుతాయి, అంతే. ప్రత్యేక మినహాయింపు ఏదీ లేదు. విలువ ఒక్కసారే లెక్క అవుతుంది కాబట్టి ప్రతి కాల్‌కీ అదనపు ఖర్చు ఉండదు. పైగా కొన్నిచోట్ల ఈ పద్ధతే కావాలి. లూప్‌లో పది చిన్న ఫంక్షన్లు తయారు చేస్తూ ఒక్కోటీ ఆ క్షణంలోని ఐ విలువను పట్టుకోవాలంటే ఐ=ఐ అని డిఫాల్ట్ పెడతారు. అది లేకపోతే పదింటికీ చివరి విలువే కనిపిస్తుంది. వ్యతిరేకించేవాళ్లు అడిగేదీ సబబే: కొత్తగా నేర్చుకునే ప్రతి ఒక్కరూ ఒకే గుంటలో పడుతుంటే, తప్పు నేర్చుకునేవాళ్లదా, భాషదా? 2021లో పెప్ 671 (పెప్ అంటే పైథాన్‌లో మార్పు కోరుతూ పెట్టే పత్రం) అనే ప్రతిపాదన మధ్యేమార్గం చూపింది. మామూలు సమానం గుర్తు పాత పద్ధతిలోనే ఉంటుంది, బాణం లాంటి కొత్త గుర్తు పెడితే మాత్రం ప్రతి కాల్‌లో లెక్క అవుతుంది. దానిమీద పెద్ద చర్చే నడిచింది కానీ అది భాషలోకి రాలేదు. ఈలోగా పైలింట్ లాంటి సాధనాలు ఇలాంటి లిస్ట్ డిఫాల్ట్ కనిపిస్తే హెచ్చరిస్తున్నాయి. పైథాన్ 3.7లో వచ్చిన డేటాక్లాసులు లిస్టును డిఫాల్టుగా పెట్టడానికి అసలు ఒప్పుకోవు.

జావాస్క్రిప్ట్ దారి: ప్రతిసారీ కొత్తగా, కానీ సున్నా దగ్గర జాగ్రత్త

పైన రాసిన చేర్చు ఫంక్షన్‌ని జావాస్క్రిప్ట్‌లో సంచి = [] అనే రాస్తే అనుకున్నట్టే పనిచేస్తుంది. ఆ భాషలో డిఫాల్ట్ ప్రతి కాల్‌లో, అదీ ఆర్గ్యుమెంట్ ఇవ్వనప్పుడే లెక్క అవుతుంది. రూబీ, కోట్లిన్, స్విఫ్ట్ కూడా ఇదే దారి. ఒక పారామీటర్ డిఫాల్టులో దానికి ముందున్న పారామీటర్ని వాడుకునే వీలు కూడా జావాస్క్రిప్ట్‌లో ఉంది. అమ్మకం(ధర, గరిష్ఠం = ధర * 2) అని రాయొచ్చు. పైథాన్‌లో ఇది కుదరదు, ఎందుకంటే డెఫ్ నడిచే సమయానికి ధర అనే విలువే పుట్టలేదు.

ఈ సదుపాయం జావాస్క్రిప్ట్‌లోకి 2015 జూన్‌లో వచ్చిన ఎక్మాస్క్రిప్ట్ 2015తోనే చేరింది. అంతకుముందు రెండు నిలువు గీతలతో నెట్టుకొచ్చేవాళ్లు:

    పన్ను = పన్ను || 5

'పన్ను ఉంటే అది, లేకపోతే 5' అని దీని భావం. నెయ్యికి బాగానే పనిచేస్తుంది. ఇప్పుడు పన్ను లేని పనీర్‌కి బిల్లు(100, 0) అని పిలవండి. జావాస్క్రిప్ట్ లెక్కలో సున్నా కూడా 'లేదు' కిందికే వస్తుంది. కాబట్టి మనం స్పష్టంగా 0 అని చెప్పినా అది 5 అనుకుని 105 బిల్లు వేస్తుంది. 2015కి ముందు రాసిన కోడ్‌లో, దాన్ని చూసి నేర్చుకుని తర్వాత రాసిన కోడ్‌లో కూడా, ఈ తప్పు ఇంకా కనబడుతూనే ఉంటుంది.

కొత్త పద్ధతిలో పన్ను = 5 అని పారామీటర్ దగ్గరే రాస్తే 0 అంటే 0గానే ఉంటుంది. అయితే జావాస్క్రిప్ట్‌లో 'లేదు' అని చెప్పే విలువలు రెండు: అన్‌డిఫైన్డ్, నల్. డిఫాల్ట్ పనిచేసేది అన్‌డిఫైన్డ్ వచ్చినప్పుడే. నల్ వస్తే 'విలువ ఇచ్చారు, అది నల్' అని తీసుకుంటుంది. సర్వర్ల నుంచి డేటా వచ్చే జేసన్ రూపంలో అన్‌డిఫైన్డ్ అనేదే లేదు, నల్ మాత్రమే ఉంది. అంటే సర్వర్ 'పన్ను: నల్' అని పంపితే డిఫాల్ట్ 5 అక్కరకు రాదు. కూడికలు, గుణకారాల్లో జావాస్క్రిప్ట్ నల్‌ని సున్నాగా చూస్తుంది కాబట్టి 600 రూపాయల నెయ్యికి పన్ను లేకుండా 600 బిల్లు వేసి ఊరుకుంటుంది. ఎర్రర్ కూడా రాదు. పైథాన్ అయితే నన్‌తో గుణించమంటే అక్కడికక్కడే ఆగి తప్పు చూపిస్తుంది. ఈ ఒక్క విషయంలో నాకు పైథాన్ మొండితనమే మేలనిపిస్తుంది. 2020లో జావాస్క్రిప్ట్‌కి చేరిన రెండు ప్రశ్నార్థకాల ఆపరేటర్ ఈ చిక్కు కోసమే వచ్చింది. అది నల్, అన్‌డిఫైన్డ్ రెంటినీ 'లేదు'గా తీసుకుంటుంది, సున్నాను వదిలేస్తుంది.

పాత పన్ను ఎక్కడ దాక్కుంటుంది

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్న దగ్గరికి రావచ్చు. పన్ను లెక్కలు చేసే లైబ్రరీ ఒకటి, దాన్ని వాడుకునే షాపు అప్లికేషన్ ఒకటి ఉన్నాయనుకుందాం. రెండూ సి షార్ప్‌లో రాసినవే, కానీ విడివిడిగా తయారై రెండు వేరు ఫైళ్లుగా కంప్యూటర్లో ఉంటాయి. లైబ్రరీలో నెయ్యిబిల్లు(ధర, పన్ను = 12) అనే ఫంక్షన్ ఉంది. షాపు అప్లికేషన్ దాన్ని నెయ్యిబిల్లు(600) అని పిలుస్తుంది.

2010లో సి షార్ప్ 4.0తో ఈ డిఫాల్ట్ సదుపాయం వచ్చినప్పటి నుంచీ దాని పద్ధతి ఒకటే: డిఫాల్ట్ అనేది కంపైల్ (రాసిన కోడ్‌ని నడిపే రూపంలోకి మార్చడం) సమయానికే తెలిసిన స్థిరమైన విలువ అయి ఉండాలి. షాపు అప్లికేషన్‌ని కంపైల్ చేసేటప్పుడు కంపైలర్ నెయ్యిబిల్లు(600) అన్నచోట నెయ్యిబిల్లు(600, 12) అని పూరించేస్తుంది. ఆ 12 ఇక షాపు అప్లికేషన్ ఫైల్లో ఉంటుంది. లైబ్రరీవాళ్లు డిఫాల్టును 5కి మార్చి కొత్త ఫైల్ పంపారు. షాపువాళ్లు లైబ్రరీ ఫైల్ ఒక్కటి మార్చుకున్నారు, తమ అప్లికేషన్‌ని మళ్లీ కంపైల్ చేయలేదు. బిల్లు ఇంకా 672 రూపాయలే. రావాల్సింది 630. లైబ్రరీ కోడ్ తెరిచి చూస్తే 5 అని స్పష్టంగా ఉంటుంది, అందుకే ఈ తప్పు పట్టుకోవడం అంత కష్టం.

ఇదే లైబ్రరీలో డిఫాల్ట్ బదులు రెండు ఫంక్షన్లు రాసి ఉంటే కథ వేరు. ధర ఒక్కటే తీసుకునే నెయ్యిబిల్లు ఒకటి, అది లోపల రెండు విలువలు తీసుకునే నెయ్యిబిల్లును 12తో పిలుస్తుంది. అప్పుడు 12 లైబ్రరీ లోపలే ఉంటుంది. లైబ్రరీ మారితే అందరికీ మారుతుంది.

సి ప్లస్ ప్లస్‌లోనూ డిఫాల్టును పూరించేది పిలిచేవైపే. ఫంక్షన్ల వివరాలు ప్రకటించే హెడర్ ఫైల్లో ఉన్న డిఫాల్ట్ మారితే దాన్ని వాడే ప్రతి ఫైలూ మళ్లీ కంపైల్ కావాలి. అక్కడ ఇంకో విచిత్రం ఉంది. మూల క్లాసులో ఒక వర్చువల్ ఫంక్షన్ (పిల్ల క్లాసు తనకు తగ్గట్టు మళ్లీ రాసుకోగలది) పన్ను = 12 అని, దాన్నుంచి పుట్టిన క్లాసులో అదే ఫంక్షన్ పన్ను = 5 అని ఉన్నాయనుకోండి. మూల క్లాసు పాయింటర్ ద్వారా పిలిస్తే నడిచేది పిల్ల క్లాసు ఫంక్షనే, కానీ అందులోకి వెళ్లే పన్ను 12. ఏ ఫంక్షన్ నడపాలో ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు తేలుతుంది, డిఫాల్ట్ మాత్రం అంతకు ముందే కంపైలర్ పూరించేసింది. ఒకే కాల్‌లో సగం నిర్ణయం ఒక క్లాసుది, సగం ఇంకో క్లాసుది.

కోట్లిన్ దీన్ని తెలివిగా దాటింది. డిఫాల్టులున్న ఫంక్షన్‌కి కంపైలర్ కనబడకుండా ఒక తోడు ఫంక్షన్ తయారు చేస్తుంది. ఏయే ఆర్గ్యుమెంట్లు ఇవ్వలేదో చెప్పే గుర్తుల సంఖ్యను కాల్ దానికి పంపుతుంది, విలువలను ఆ తోడు ఫంక్షనే నింపుతుంది. అది ఉండేది లైబ్రరీలో కాబట్టి లైబ్రరీ మారిస్తే పన్ను మారుతుంది. పూర్తి ఉచితమేమీ కాదు. కొత్త డిఫాల్ట్ పారామీటర్ చేరిస్తే ఫంక్షన్ రూపమే మారిపోతుంది కాబట్టి, అంతకుముందు కంపైల్ చేసిన అప్లికేషన్లకు అది దొరక్కుండా పోతుంది.

పైథాన్, జావాస్క్రిప్ట్ వాడేవాళ్లకు ఈ తలనొప్పి లేదు. వాటిలో విలువ ఎప్పుడూ ఫంక్షన్ దగ్గరే ఉంటుంది.

అసలు డిఫాల్టులే వద్దన్న భాషలు

జావా, గో, రస్ట్ భాషల్లో డిఫాల్ట్ పారామీటర్లు లేవు. ఇది మరిచిపోయి వదిలేసింది కాదు. గో రూపకర్తల్లో ఒకరైన రాబ్ పైక్ 2012లో ఇచ్చిన వివరణ సారాంశం ఇది: డిఫాల్టులుంటే ఫంక్షన్ రూపకల్పనలోని లోపాన్ని సరిదిద్దే బదులు ఇంకో ఆర్గ్యుమెంట్ అతికించేయడం మరీ తేలికైపోతుంది. అలా అతికిస్తూ పోతే, ఒకదానితో ఒకటి ఎలా కలిసి పనిచేస్తాయో ఎవరికీ అర్థం కానన్ని ఆర్గ్యుమెంట్లు చేరతాయి. పాతవాళ్లను కదిలించకుండా లైబ్రరీని పెంచే గుణమే ఇక్కడ దోషంగా కనబడుతోందన్నమాట. ఇరవై, ముప్పై డిఫాల్టులున్న ఫంక్షన్లతో పనిచేసినవాళ్లకు ఈ మాటలో బలం తెలుస్తుంది.

అయితే అవసరం మాత్రం ఎక్కడికీ పోదు, వేషం మార్చుకుని వస్తుంది. జావాలో ఒకే పేరుతో వేర్వేరు ఫంక్షన్లు రాస్తారు, లేదా ఒక్కో విలువనూ విడిగా పెట్టుకుంటూ పోయే బిల్డర్ వాడతారు. రస్ట్‌లో డిఫాల్ట్ అనే పేరుతోనే ఒక ట్రెయిట్ (టైపులకు తగిలించే గుణం) ఉంది, దాంతో స్ట్రక్ట్‌లోని (కొన్ని విలువల కట్టలోని) అన్ని విలువలూ ఒక్కసారిగా నింపుకుని కావాల్సినవి మార్చుకుంటారు. గోలో సెట్టింగులన్నీ ఒక స్ట్రక్ట్‌లో పెట్టి పంపుతారు. కానీ గోలో నింపని అంకె తనంతట తానే సున్నా అవుతుంది. అప్పుడు పనీర్‌కి కావాలనే పెట్టిన 0 పన్నుకీ, నెయ్యికి చెప్పడం మరిచిపోయిన పన్నుకీ తేడా ఎలా తెలుస్తుంది? తెలియదు. దానికోసం పాయింటర్ పెట్టి నిల్ అవునో కాదో చూడాలి. జావాస్క్రిప్ట్‌లో చూసిన చిక్కే ఇక్కడ ఇంకో తలుపులోంచి వచ్చింది. డిఫాల్టులు తీసేసినంత మాత్రాన 'ఇవ్వలేదు' అన్నదాన్ని, 'సున్నా ఇచ్చారు' అన్నదాన్ని విడదీసి చూడాల్సిన పని తప్పదు.

ఆ విలువ ఎవరిని తలచుకుని పెట్టారు

ఇంతవరకూ యంత్రాంగం గురించి మాట్లాడుకున్నాం. డిఫాల్టుగా ఏ విలువ పెట్టాలన్నది వేరే ప్రశ్న, నాకు ఇదే ముఖ్యమైనదనిపిస్తుంది. ఎక్కువమంది డిఫాల్టును మార్చరు. ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. అంటే ఆ విలువ పెట్టినవాళ్లు, తమకు తెలియని లక్షలమంది తరఫున నిర్ణయం తీసుకుంటున్నారు.

తెలుగులో డేటాతో పనిచేసేవాళ్లకు ఇది బాగా తగిలే చోటు పైథాన్‌లో ఫైల్ తెరిచే ఓపెన్ ఫంక్షన్. ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) చెప్పకపోతే అది కంప్యూటర్ సెట్టింగ్ ఏదుంటే అది వాడుకుంటుంది. లైనక్స్, మ్యాక్‌లలో సాధారణంగా అది యూటీఎఫ్-8, కాబట్టి తెలుగు చక్కగా వస్తుంది. మన దగ్గర మామూలుగా ఉండే విండోస్‌లో అది పడమటి యూరప్ అక్షరాల కోసం చేసిన 1252 పట్టిక. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షర సంకేతం మూడు బైట్లు. 1252 పట్టిక ప్రతి బైటునూ ఒక అక్షరం అనుకుని చదువుతుంది. ఫైల్లో 'కాకి' అని ఉంటే ఎర్రర్ రాదు, దాని బదులు పన్నెండు పిచ్చి అక్షరాలు వస్తాయి. 'కుక్క' అని ఉంటే ప్రోగ్రాం ఆగిపోతుంది. ఎందుకంటే ఉకారం గుర్తులో చివరి బైటు (హెక్సాడెసిమల్‌లో) 81, పొల్లులో చివరి బైటు 8డి, ఈ రెంటికీ ఆ పట్టికలో అక్షరమే లేదు. తెలుగు వాక్యంలో ఉకారమో ఒత్తో లేకుండా ఉండటం అరుదు కాబట్టి ఎక్కువసార్లు ఆగిపోవడమే జరుగుతుంది. అదృష్టమనే అనుకోవాలి, ఆగితే కనీసం తప్పు తెలుస్తుంది. అదే ప్రోగ్రాం లైనక్స్‌లో రాసి విండోస్‌లో నడిపినవాళ్లకు కారణం అంత సులువుగా దొరకదు. రాసిన కోడ్‌లో ఎన్‌కోడింగ్ అన్న మాటే లేదు మరి.

జేసన్ రాసే డంప్స్ ఫంక్షన్‌లో ఇంకోటి ఉంది. ఇంగ్లీషు అక్షరాల పరిధిలో లేని ప్రతిదాన్నీ ఆరు గుర్తుల సంకేతంగా మార్చేయాలన్నది అక్కడి డిఫాల్ట్. 'తెలుగు' అన్న మాటలో ఆరు సంకేత స్థానాలున్నాయి, అవి 36 గుర్తులవుతాయి. యూటీఎఫ్-8లో నేరుగా రాస్తే 18 బైట్లు చాలు. పైగా ఫైల్ తెరిస్తే మనిషి చదవడానికి ఏమీ ఉండదు. ఇందులో న్యాయం లేదనలేం. ఎన్‌కోడింగ్ సరిగ్గా చూసుకోని పాత వ్యవస్థల గుండా పోయినా డేటా చెడకుండా చేరుతుంది. కానీ ఆ భద్రత ఖర్చు ఇంగ్లీషులో రాసేవాళ్ల మీద అస్సలు పడదు, తెలుగులో రాసేవాళ్ల మీద ప్రతి అక్షరానికీ పడుతుంది.

కాలం మారినా డిఫాల్టులు మారకపోవడం ఇంకో సమస్య. ఆర్ భాషలో పట్టికలు చదివేటప్పుడు అక్షరాల వరసలను వర్గాలుగా మార్చేయడం చాలాకాలం డిఫాల్టుగా ఉంది. గణాంక శాస్త్రవేత్తలకు అది పనికొచ్చింది, పేర్లు, చిరునామాలు లాంటి మామూలు పాఠంతో పనిచేసేవాళ్లను విసిగించింది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన 4.0.0 వెర్షన్‌లో దాన్ని తిప్పేశారు. దాంతో చాలామందికి మేలు జరిగింది, కానీ పాత ప్రవర్తన మీద మౌనంగా ఆధారపడ్డ స్క్రిప్టులు వేరుగా నడవడం మొదలైంది. డిఫాల్ట్ మార్పులో ఉన్న ఇబ్బంది ఇదే: ఏమీ చెప్పని కోడ్ అర్థమే మారిపోతుంది, ఆ కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మారదు.

అందుకే కొందరు డిఫాల్టును మార్చకుండా ఎత్తేశారు. పైథాన్‌లో యామిల్ ఫైళ్లు (సెట్టింగుల్లాంటివి రాసుకునే ఒక రకం ఫైళ్లు) చదివే పైయామిల్ లైబ్రరీలో లోడ్ ఫంక్షన్ ఒకప్పుడు డిఫాల్టుగా వాడిన పద్ధతి ప్రమాదకరమైనది. ఎవరో పంపిన ఫైల్లో దురుద్దేశంతో రాసిన కోడ్ ఉంటే అది నడిచిపోయే వీలుండేది. 2019లో 5.1 వెర్షన్ హెచ్చరించడం మొదలుపెట్టింది. 2021లో వచ్చిన 6.0 నుంచి ఏ పద్ధతి కావాలో పిలిచేవాళ్లే చెప్పాలి, చెప్పకపోతే ఎర్రర్. పాత ప్రోగ్రాములు చాలా ఆగిపోయాయి, కానీ తప్పుగా నడవడం కన్నా ఆగిపోవడమే మేలని ఆ లైబ్రరీవాళ్లు తేల్చుకున్నారు.

ఫైల్ ఎన్‌కోడింగ్ విషయంలో పైథాన్ నెమ్మదైన దారి ఎంచుకుంది. 2021లో వచ్చిన 3.10 వెర్షన్‌లో, ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైల్ తెరిచిన చోట్లన్నీ కావాలంటే హెచ్చరికగా చూపించే వీలు పెట్టింది. ఆ తర్వాత పెప్ 686 ఆమోదం పొంది, 3.15 వెర్షన్ నుంచి అన్నిచోట్లా యూటీఎఫ్-8నే డిఫాల్ట్ చేయాలని నిర్ణయమైంది. జావా ఈ పని 2022లో 18వ వెర్షన్‌తోనే చేసేసింది. పాత పైథాన్ ఉన్న కంప్యూటర్లు అప్పటికీ చాలానే ఉంటాయి. వాటిలో ఒకే స్క్రిప్ట్ ఒకచోట 'కుక్క'ను సరిగ్గా చదువుతుంది, ఇంకోచోట దాని దగ్గర ఆగిపోతుంది. ఎన్‌కోడింగ్ ఏదో స్పష్టంగా రాసిన స్క్రిప్ట్ మాత్రం రెండుచోట్లా ఒకేలా నడుస్తుంది.